ఆసిఫ్‌నగర్‌లో అడిగారు, ఖైరతాబాద్‌లో అడగలేదు

2024 మే నెల మొదట్లో ఒక సాయంత్రం ఎవరో మా తలుపు గొళ్ళెంలో కరపత్రం మడిచి పెట్టి వెళ్ళారు. లోక్‌సభ ఎన్నికల ప్రచారం. అమ్మ దాన్ని తీసి, వాకిట్లో కుర్చీ వేసుకుని, వెలుతురుకు పట్టుకుని చూసింది. మా అమ్మకు చదువు రాదు. అక్షరాలు తెలియవు గానీ మనుషుల మొహాలూ పార్టీల గుర్తులూ ఒకసారి చూస్తే మర్చిపోదు. కరపత్రం మీద వేలు పెట్టి నన్ను పిలిచింది.

"గీయన మొన్న కారుకెయ్యమన్నడు గద బిడ్డా? మరి గీడ చెయ్యి ఉన్నదేంది?"

"పార్టీ మారిండమ్మా" అన్నాను.

"మారితే మారిండు. మనల్ని అడిగిండా?"

నాకు జవాబు దొరకలేదు. ఎన్నికల వార్తలు రోజూ చదువుతాను, ఎవరు ఎక్కడ ఎంత మెజారిటీతో గెలిచారో నోటికి చెబుతాను. అయినా ఆ ప్రశ్న అంత సూటిగా ఎప్పుడూ వేసుకోలేదు. ఆ రోజు నుంచి మా ఎమ్మెల్యే ఎన్నికల చరిత్రను మొదటి నుంచి మళ్ళీ చదివాను. అమ్మ అడిగినదానికి జవాబు ఆ చరిత్రలోనే, ఇరవై ఏళ్ళ వెనక, ఇదే నగరంలో ఉంది.

మాది ఖైరతాబాద్ నియోజకవర్గం. రాజ్‌భవన్ పక్కన మక్తాలో ఉంటాం. 2023 నవంబర్ 30న అమ్మా నేనూ కలిసి వెళ్ళి ఓటేశాం. అమ్మ కారుకు వేసింది, ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. ఆమెకు నెలనెలా వచ్చే 2,016 రూపాయల ఆసరా పింఛను కేసీఆర్ ఇచ్చాడని ఆమె లెక్క. అభ్యర్థి ఎవరన్నది ఆమెకు రెండో విషయం. డిసెంబర్ 3న లెక్కింపు జరిగితే రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిచింది గానీ హైదరాబాద్ జిల్లాలో ఆ పార్టీకి ఒక్క సీటు రాలేదు. ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ అభ్యర్థి దానం నాగేందర్ 22,010 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఆయన చేతిలో ఓడింది కాంగ్రెస్ అభ్యర్థి పి. విజయారెడ్డి. 2024 మార్చిలో ఆయన కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయకుండానే సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి చెయ్యి గుర్తు మీద నామినేషన్ వేశారు. మే 13న పోలింగ్. కారుకు ఓటేసిన రోజుకూ, అదే మనిషి చెయ్యి గుర్తు పక్కన కనిపించిన రోజుకూ మధ్య 165 రోజులు. కిషన్ రెడ్డి చేతిలో 49,944 ఓట్ల తేడాతో ఓడారు. ఓడాక కూడా ఖైరతాబాద్ ఎమ్మెల్యేగానే కొనసాగారు.

ముందే ఒక మాట చెప్పాలి. నాగేందర్ గారి మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. హైదరాబాద్ బస్తీల్లో ముప్ఫై ఏళ్ళు రాజకీయం చేసి నిలబడటం మాటలు కాదు. 1994లో ఎన్టీఆర్ గాలికి కాంగ్రెస్ 294 స్థానాల్లో 26కు పడిపోయిన ఎన్నికల్లో, ఆ 26 మందిలో ఒకరిగా ఆసిఫ్‌నగర్ నుంచి గెలిచిన మనిషి ఆయన. 1999లో అక్కడే మళ్ళీ గెలిచారు. 2009లో ఖైరతాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. 2014లో బీజేపీ అభ్యర్థి చింతల రామచంద్రారెడ్డి చేతిలో ఇరవై వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. 2018లో టీఆర్ఎస్‌లో (ఇప్పటి బీఆర్ఎస్) చేరి, అదే చింతల మీద అంతకంటే పెద్ద మెజారిటీతో గెలిచారు.

2018లో ఆయన పార్టీ మారినందుకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. అప్పుడు ఆయన ఎమ్మెల్యే కారు, ఎవరి ఓటూ ఆయన చేతిలో లేదు. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి, కొత్త గుర్తు పట్టుకుని జనం ముందుకు వచ్చారు. జనం ఒప్పుకున్నారు. మనసు మార్చుకునే హక్కు ఓటరుకు ఎంతుందో నాయకుడికీ అంతే ఉంది. ఎమ్మెల్యేగా ఉండగా మారినప్పుడే పేచీ. ఎందుకంటే అప్పుడు ఆయన దగ్గర మా ఓటు ఉంది.

ఇక 2004 సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. ఆయన తెలుగుదేశంలో చేరి సైకిల్ గుర్తు మీద ఆసిఫ్‌నగర్‌లో నిలబడ్డారు. రాష్ట్రమంతా తెలుగుదేశం కుప్పకూలిన ఆ ఏడాది ఆయన మాత్రం గెలిచారు. అధికారంలోకి వచ్చింది కాంగ్రెస్. ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్ళాలనుకున్నారు. ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. కాంగ్రెస్ బీ ఫారం (తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం) తీసుకుని అదే ఆసిఫ్‌నగర్‌లో ఉప ఎన్నికకు నిలబడ్డారు. మజ్లిస్ అభ్యర్థి చేతిలో ఓడిపోయారు.

ఒకే మనిషి, ఒకే నియోజకవర్గం, ఒకే ఏడాది. మధ్యలో మారింది గుర్తు ఒక్కటే. వరుసగా మూడుసార్లు గెలిపించిన జనం నాలుగోసారి వద్దన్నారు. ఉప ఎన్నిక లెక్కలు వేరు, పోటీలో ఉన్న పార్టీల బలం వేరు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ "నన్ను చూసి ఓటేశారు, పార్టీని చూసి కాదు" అనే మాట నిజమో కాదో తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష ఎవరూ పెట్టలేరు. ఆ పరీక్షకు ఆయన స్వయంగా కూర్చున్నారు. ఫలితం వచ్చింది, తలవంచారు, అయిదేళ్ళు ఎమ్మెల్యే పదవి లేకుండా ఉన్నారు. ఆసిఫ్‌నగర్ ఓటర్లను ఆయన అడిగారు, వాళ్ళు చెప్పారు.

నా దృష్టిలో ఆయన రాజకీయ జీవితంలో అన్నిటికంటే గౌరవం ఇవ్వాల్సిన ఎన్నిక అదే. ఓడిన ఎన్నిక. అందులో గెలుపు లెక్కలు దొరకవు గానీ, ప్రజాస్వామ్యంలో ఒక శాసనసభ్యుడు చేయాల్సిన పని మొత్తం అందులో ఉంది. పార్టీ మారాలనిపించింది, పదవి వదిలేశాడు, జనాన్ని అడిగాడు. 2024లో ఇదే పని ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న. అదే దారిలో ఉన్న మిగతా అందరినీ కూడా ఇదే అడుగుతున్నాను. ఎందుకంటే ఇది ఒక్క మనిషి కథ కాదు. 2023 తర్వాత బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి వెళ్ళారని అనర్హత పిటిషన్లు పడింది పది మంది ఎమ్మెల్యేల మీద.

అందులో ఎవరు తక్కువ తిన్నారు? ఇవాళ ఫిరాయింపుల మీద కోర్టుకెక్కిన బీఆర్ఎస్ తన పదేళ్ళ పాలనలో చేసిందీ ఇదే. 2014లో తెలుగుదేశానికి తెలంగాణలో 15 మంది ఎమ్మెల్యేలు గెలిస్తే, 2016 వచ్చేసరికి 12 మంది టీఆర్ఎస్‌లో ఉన్నారు. సనత్‌నగర్‌లో సైకిల్ గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది డిసెంబర్‌లో టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఆయన రాజీనామా లేఖ ఇచ్చానన్నారు, అది ఆమోదం పొందలేదు, ఉప ఎన్నిక రాలేదు. 2018లో కాంగ్రెస్‌కు 19 సీట్లు వచ్చాయి. ఒకరు రాజీనామా చేశాక, 2019 జూన్‌లో మిగిలిన 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనం అయిపోయారు. సరిగ్గా మూడింట రెండు వంతులు, చట్టం అడిగే లెక్క. అప్పుడు కాంగ్రెస్ వాళ్ళు ఏడ్చారు, ఇప్పుడు బీఆర్ఎస్ వాళ్ళు ఏడుస్తున్నారు. మధ్యలో మా అమ్మ అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

చట్టం లేక కాదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన సభ్యుడు ఆ పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటే అనర్హుడు అవుతాడని అందులో ఉంది. మొదట్లో మూడో వంతు మంది కలిసి చీలితే తప్పు లేదన్న సందు ఉండేది. 2003లో 91వ సవరణ ఆ సందు మూసింది, మొదటి నుంచీ ఉన్న మూడింట రెండు వంతుల విలీనం సందు మాత్రం మిగిలింది. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా, ప్రవర్తనను బట్టే పార్టీని వదిలేసినట్టు తేల్చవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే రవి నాయక్ కేసులో చెప్పింది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఇండిపెండెంట్‌గా గెలిచిన ఎమ్మెల్యే తర్వాత ఏ పార్టీలో చేరినా అదే షెడ్యూల్ ప్రకారం పదవి పోతుంది. ఏ పార్టీకీ మాట ఇవ్వని మనిషికే అంత కట్టడి ఉన్నప్పుడు, ఒక పార్టీ బీ ఫారం మీద, ఆ పార్టీ డబ్బుతో, ఆ పార్టీ అధ్యక్షుడి ఫొటోతో ఇంటింటికీ తిరిగి ఓట్లడిగిన మనిషికి ఎంత ఉండాలి? ఇంకో పార్టీ బీ ఫారం తీసుకుని లోక్‌సభకు నామినేషన్ వేయడం కంటే పార్టీని వదిలేసినట్టు చూపించే ప్రవర్తన ఇంకేముంటుంది? ఇది లా చదివిన వాళ్ళకే అర్థమయ్యే సంగతి కాదు, మా గల్లీలో ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డ ఎవర్ని అడిగినా చెబుతారు.

చిక్కంతా తీర్పు చెప్పే కుర్చీ దగ్గర ఉంది. అనర్హత మీద నిర్ణయం స్పీకర్‌ది. స్పీకర్ సాధారణంగా అధికార పక్షం టికెట్ మీద గెలిచి ఆ కుర్చీలో కూర్చున్న మనిషే అవుతారు, ఏ రాష్ట్రంలోనైనా, ఏ పార్టీ హయాంలోనైనా. గడువు చట్టంలో లేదు. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. మన పది మంది సంగతి హైకోర్టు సింగిల్ బెంచ్‌కు, డివిజన్ బెంచ్‌కు, అక్కణ్ణుంచి ఢిల్లీకి వెళ్ళి, 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టేదాకా వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ ఉన్న ఆ బెంచ్, ఆపరేషన్ సక్సెస్ పేషెంట్ డెడ్ అన్నట్టు కాకూడదని చెప్పింది. ఈ బాధ్యత స్పీకర్ల చేతిలోనే ఉంచాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది. ఆ పిటిషన్లు ఎటు తేలినా నా వాదన మారదు. అయిదేళ్ళకు ఇచ్చిన ఓటులో మొదటి ఏడాదిన్నర, ఎవరు నిర్ణయించాలి, ఎప్పట్లోగా నిర్ణయించాలి అన్న వాదనలకే అయిపోయింది. ఆ కాలం ఏ తీర్పుతోనూ వెనక్కి రాదు.

దీనికి మందు కూడా కొత్తది కాదు. మిగతా అనర్హతల విషయంలో, అంటే లాభదాయక పదవి (సభ్యుడిగా ఉంటూ ప్రభుత్వం కింద లాభం వచ్చే ఇంకో పదవి పట్టుకోవడం) లాంటివి వచ్చినప్పుడు, 192వ అధికరణ ప్రకారం గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని దాని ప్రకారం నిర్ణయిస్తారు. ఫిరాయింపులకూ అదే పద్ధతి పెట్టమని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ సిఫారసు చేసింది. ముప్ఫై ఏళ్ళు దాటింది. అధికారంలో ఉన్నవాళ్ళకు ఆ సిఫారసు ఎప్పుడూ అక్కరకు రాలేదు, ప్రతిపక్షంలోకి వెళ్ళాక మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

ఇప్పుడు అవతలి వాదన. దీన్ని తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే ఇది మా గల్లీలోనే రోజూ వినబడుతుంది. "నియోజకవర్గ అభివృద్ధి కోసమే పార్టీ మారాను" అని నాయకులందరూ చెప్పే మాట. టీవీలో విన్నప్పుడు చిరాకు పుడుతుంది గానీ, మోరీ పొంగినప్పుడు అదే మాట నిజమనిపిస్తుంది.

మక్తా పల్లం. గట్టి వాన పడితే పై నుంచి నీళ్ళన్నీ మా వైపే వస్తాయి. రెండేళ్ళ కిందట ఒక వానకు మోరీ నీళ్ళు మా గడప దాటి లోపలికి వచ్చాయి. అమ్మ బియ్యం డబ్బా మంచం మీదికెక్కించి, తనూ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేను బకెట్‌తో నీళ్ళు తోడిపోస్తుంటే అవి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. మర్నాడు గల్లీవాళ్ళం ఎనిమిది మందిమి అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ కుర్చీలో ఉన్నతను కాగితం తీసుకుని, చదివి, పక్కన పెట్టాడు. బయటికొచ్చాక మాతో వచ్చిన స్థానిక నాయకుడొకాయన మెల్లగా చెప్పాడు. "అన్నా, రూలింగ్ పార్టీ మనిషి ఫోన్ కొడితెనే ఫైల్ కదుల్తది. నువ్వు అర్జీలు ఎన్ని రాసినా అంతే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లోకం అది. మా ఎదురింటి కాకా అక్కడే అన్నాడు, "గట్లయితే ఎమ్మెల్యే రూలింగ్ పార్టీల ఉంటేనే నయం గదా" అని. ఎవరూ కాదనలేదు. నేనూ అప్పుడు కాదనలేకపోయాను, కాళ్ళకు ఇంకా బురద ఉంది.

తర్వాత చాలా రోజులు ఆ మాట గురించి ఆలోచించాను. మోరీ బాగుచేయించుకోవడానికి ఎమ్మెల్యే అధికార పార్టీలో ఉండాలంటే, ప్రతిపక్షానికి ఓటేసిన వాళ్ళు పన్ను కట్టినా మోరీకి అర్హులు కారని అర్థం. ఖజానాలో ఉన్నది అందరి డబ్బూ. దాన్ని పార్టీ కండువా చూసి పంచుతున్నారని చెప్పే నాయకుడు అసలు తప్పును బయటపెడుతున్నాడు. ఆ తప్పును సభలో నిలదీయమనే కదా మేము ఎమ్మెల్యేను పంపింది. "మా నియోజకవర్గానికి నిధులు ఎందుకు ఆపారు" అని లేచి అడిగే పనిని వదిలి, ఆపిన వాళ్ళ పక్కన కూర్చుంటే నిధులు వస్తాయేమో గానీ, అడిగే గొంతు ఒకటి తగ్గిపోతుంది. రేపు ప్రభుత్వం మారితే మళ్ళీ మారాలి. అప్పుడు మా ఓటు ఎప్పటికీ గెలిచిన పార్టీ ఖాతాలోకే వెళ్తుంది, మేము ఎవరికి వేసినా. అలాంటప్పుడు లైన్‌లో గంటసేపు నిలబడటం దేనికి?

హైదరాబాద్‌లో సగం మంది ఓటేయడానికి రారని ప్రతి ఎన్నికకూ పత్రికలు నిష్టూరమాడతాయి. రానివాళ్ళలో కొంతమందినైనా నేనెరుగుదును. "ఎవరికేస్తే ఏముంది, గెలిచినోడు అటే పోతడు" అంటారు. బద్ధకం మీద పెట్టే నెపంలో కొంత వాటా ఈ గోడ దూకుడు మీద కూడా పెట్టాలి.

"జనం మనిషిని చూసి వేస్తారు" అనే రెండో వాదనకు నేను ఆసిఫ్‌నగర్ చూపించేశాను. ఖైరతాబాద్‌లో ఆ వాదన ఇంకా చిక్కుల్లో పడుతుంది. 2023లో ఇక్కడ కారు గుర్తు మీద నిలబడింది ఒకప్పటి కాంగ్రెస్ మంత్రి. చెయ్యి గుర్తు మీద నిలబడిన విజయారెడ్డి అంతకుముందు రెండుసార్లు టీఆర్ఎస్ తరఫున ఖైరతాబాద్ కార్పొరేటర్‌గా గెలిచి, 2022లో కాంగ్రెస్‌లోకి వచ్చినావిడ. మనుషులను చూసి వేయాలంటే ఏ మనిషిని ఏ పార్టీ అనుకోవాలి? మా అమ్మ లాంటి ఓటరుకు అక్కడ స్థిరంగా ఉన్నది గుర్తు ఒక్కటే.

అసలు మన దేశంలో గుర్తులు వచ్చిందే అమ్మలాంటి వాళ్ళ కోసం. 1951-52 తొలి ఎన్నికల్లో ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు కాబట్టి పేర్ల బదులు గుర్తులు పెట్టారు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. అమ్మ మొదటి ఓటు ఆవూదూడ మీద వేసింది. తర్వాత చెయ్యి చూసింది, సైకిల్ చూసింది, కమలం చూసింది, కారు చూసింది. ఆమె చదివేది గుర్తులే. ఆమెను గుర్తు చూపించి ఓటు అడిగి, తర్వాత గుర్తుతో పనేముంది అంటే, ఆమెకు తెలిసిన ఒక్క లిపిని కొట్టిపారేసినట్టు. నాకు బాధ కలిగేది ఇక్కడే.

ఇదే ఖైరతాబాద్‌లో పీజేఆర్ ఉండేవారు. పి. జనార్దన్ రెడ్డి అని పూర్తి పేరు చెబితే మా దగ్గర కొంతమంది ఒక క్షణం ఆలోచిస్తారు, పీజేఆర్ అంటే చాలు. 1978లో మొదటిసారి గెలిచారు. 1983లో తెలుగుదేశం గాలికి ఓడారు. 1985, 1989, 1994 వరుసగా గెలిచారు. 1999లో సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు చేతిలో ఓడారు. 2004లో మళ్ళీ గెలిచారు. అప్పటి ఖైరతాబాద్ ఇప్పటిలా చిన్నది కాదు, నియోజకవర్గాల పునర్విభజనకు ముందు రాష్ట్రంలోనే అతిపెద్ద నియోజకవర్గాల్లో ఒకటి.

ఆయన జీవితంలో నాకు ముఖ్యంగా కనిపించేది 1994 తర్వాతి అయిదేళ్ళు. పార్టీకి మిగిలింది 26 మంది. ఎదుట అంత పెద్ద అధికార పక్షం. ఆ 26 మందికి శాసనసభా పక్ష నాయకుడిగా నిలబడి నీళ్ళ కోసం, కరెంటు కోసం, బస్తీల కోసం సభలోనూ రోడ్డు మీదా కొట్లాడారు. అధికారం లేని ఎమ్మెల్యే వల్ల నియోజకవర్గానికి ఏం లాభం అని అడిగేవాళ్ళకు నేను ఆ అయిదేళ్ళు చూపిస్తాను. ఆయన పేరు బస్తీల్లో నిలిచింది ఎక్కువగా ఆ కాలం వల్లే. 2004లో సొంత పార్టీ గెలిచింది, ఆయనకు మంత్రి పదవి రాలేదు. అలిగి ఇంకో పార్టీ గడప ఎక్కలేదు. అడగాల్సినవి సొంత ప్రభుత్వాన్నే అడిగారు. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతో పోయినప్పుడు ఆయన ఖైరతాబాద్ ఎమ్మెల్యేగా, ఏ గుర్తు మీద గెలిచారో ఆ గుర్తులోనే ఉన్నారు.

ఆయన పిల్లల దారులు తర్వాత వేరువేరు పార్టీల్లోకి వెళ్ళాయి. అది వాళ్ళ ఇష్టం. చింతల రామచంద్రారెడ్డి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. 2018లో ఓడాక 2023లోనూ అదే కమలం గుర్తు మీద వచ్చి నిలబడ్డారు. నేను ఆయన పార్టీకి ఎప్పుడూ ఓటేయలేదు, అయినా ఆ నిలకడను గౌరవిస్తాను.

రాజీనామా చేసి జనం ముందుకు పోవడం ఆచరణలో కుదరదని ఎవరైనా అంటే ఈటల రాజేందర్ ఉన్నారు. 2021లో టీఆర్ఎస్ నుంచి బయటికొచ్చినప్పుడు హుజూరాబాద్ పదవి వదిలి, బీజేపీ తరఫున ఉప ఎన్నికకు వెళ్ళి, 23,855 మెజారిటీతో గెలిచారు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఉన్నారు. 2022లో కాంగ్రెస్ పదవి వదిలి మునుగోడులో బీజేపీ తరఫున నిలబడి 10,309 ఓట్లతో ఓడారు, మరుసటి ఏడాది కాంగ్రెస్‌కే తిరిగొచ్చి అక్కడే గెలిచారు. ఆయన అటూ ఇటూ తిరగడం నాకు నచ్చిందని కాదు. ఆయన తిరిగిన ప్రతి మలుపులోనూ మునుగోడు ఓటరును అడిగారు, ఓటరు ఒకసారి వద్దని, ఒకసారి సరేనని చెప్పాడు. ఉప ఎన్నికకు కోట్లు ఖర్చవుతాయి, మునుగోడులో డబ్బు ఎలా పారిందో అందరం చూశాం. ఆ ఖర్చును అదుపు చేయడం ఎన్నికల సంఘం పని. ఖర్చు భయంతో ఓటరును అడగడమే మానేయడం దానికి విరుగుడు కాదు.

"సొంత గూటికి చేరారు" అని పత్రికలు రాస్తాయి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎమ్మెల్యేకు పార్టీ గూడు కాదు, నియోజకవర్గం గూడు. ఖైరతాబాద్‌లో ఆయనకు ఓటేసిన 67 వేల పైచిలుకు మంది గూడు. వాళ్ళలో చాలామంది ఆయన మళ్ళీ వచ్చి "కారు వదిలి చెయ్యి పట్టుకున్నాను, ఇప్పుడు వేస్తారా" అని అడిగితే వేసేవాళ్ళేమో. ఆసిఫ్‌నగర్‌లో జనం కాదన్నారని ఖైరతాబాద్‌లోనూ కాదంటారని ఏముంది? నిజంగా మనిషిని చూసే వేసి ఉంటే ఆయన మళ్ళీ గెలిచేవారు. గెలిచినా నేను సంతోషంగా ఒప్పుకునేవాణ్ణి. కోరేదల్లా ఆ అడగడమే.

అందుకే మా గల్లీలో ఒక పని మొదలుపెట్టాం. పెద్ద ఉద్యమం ఏమీ కాదు. తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాసుకున్నాం: "ఏ గుర్తు మీద గెలుస్తానో ఆ గుర్తు వదలాలనుకుంటే ముందు పదవికి రాజీనామా చేసి మిమ్మల్ని అడుగుతాను." వచ్చే ఎన్నికల్లో, అది కార్పొరేషన్‌దైనా అసెంబ్లీదైనా, మా గల్లీలోకి ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టమంటాం. ఆ సంతకానికి కోర్టులో విలువ ఉండదని నాకు తెలుసు. మా గడపలో ఉంటుంది. ఎదురింటి కాకా మొదట "ఎవడు పెడ్తడు బిడ్డా" అన్నాడు, తర్వాత తనకూ ఒక కాపీ కావాలన్నాడు. ఇప్పటికి పదకొండు ఇళ్ళలో ఆ కాగితం ఉంది.

మా ఇంట్లో అది బియ్యం డబ్బా పైన గోడకు అంటించి ఉంది. మొన్న అమ్మ నన్ను స్కెచ్ పెన్ను తెమ్మంది. వాక్యం పక్కన కారు, చెయ్యి, కమలం, పతంగి, సైకిల్ గీయించుకుంది. కారు చక్రాలు సరిగా రాలేదని రెండుసార్లు గీయించింది. "నాకు సదువు రాదు గద, గిదైతే ఏలు పెట్టి అడుగుత" అంది.